రిలేనా, ట్రాన్సిస్టరా? ముందు టిక్కులు లెక్కపెట్టండి

మా కాలనీ వినాయక మండపానికి ఒక ఏడాది పరుగెత్తే లైట్లు నేనే చేసిచ్చాను. 12 వోల్టుల ఎల్‌ఈడీ స్ట్రిప్ నాలుగు రోల్స్, ఒక ఆర్డుయినో (కోడ్ రాసి ఆడించే చిన్న బోర్డు), నాలుగు రిలేలున్న నీలం మాడ్యూల్. రిలే అంటే కాయిల్‌కి కరెంటిస్తే అయస్కాంతమై లోపలి లోహపు కాంటాక్టుల్ని టిక్కుమని కలిపే, విడదీసే స్విచ్. ఒక రోల్ ఆరుతుంటే పక్కది వెలగాలి, స్వామి వెనక చక్రం తిరుగుతున్నట్టు కనిపించాలి. మొదటి రోజు బ్రహ్మాండంగా నడిచింది. పిల్లలైతే లైట్లు చూడ్డం మానేసి మండపం వెనక్కొచ్చి ఆ టిక్ టిక్ చప్పుడు వినడానికి ఎగబడ్డారు. మూడో రోజు రాత్రి తొమ్మిది దాటాక మూడో రోల్ వెలిగింది వెలిగినట్టే ఉండిపోయింది. స్క్రూడ్రైవర్ పిడితో ఆ రిలే నెత్తిన ఒక్కటి తగిలిస్తే దెబ్బకు దెయ్యం దిగినట్టు ఆరింది. పది నిమిషాలకు మళ్లీ పట్టేసింది. నిమజ్జనం దాకా ఎవరో ఒకరం స్క్రూడ్రైవర్ పట్టుకుని మండపం వెనక కుర్చీ వేసుకుని కూర్చున్నాం.

తర్వాత ఆ రిలే ప్లాస్టిక్ మూత కోసి చూశాను. ఒక కాంటాక్టు మీద సూదిమొన దిగినట్టు చిన్న గుంట. ఎదుటి కాంటాక్టు మీద సరిగ్గా ఆ గుంటలో కూర్చునేంత బొడిపె. డీసీ కరెంటు ఎప్పుడూ ఒకే దిక్కుకు పోతుంది కాబట్టి, రవ్వ లేచిన ప్రతిసారీ లోహం ఇటు నుంచి అటు మాత్రమే చేరింది. చివరికి బొడిపె గుంటలో ఇరుక్కుంది.

ఈ నీలం డబ్బా రిలేల డేటాషీట్‌లో (కంపెనీ ఇచ్చే వివరాల కాగితం) రెండు ఆయుష్షులు రాసి ఉంటాయి. లోడ్, అంటే కరెంటు తినే లైటో మోటారో, లేకుండా ఊరికే కొట్టుకుంటే కోటి సార్లు, పూర్తి లోడ్ మీద లక్ష సార్లు. నా సర్క్యూట్‌లో ఒక్కో రిలే సెకనుకు రెండుసార్లు పడి లేచేది. గంటకు 7,200 సార్లు. లక్షను దాంతో భాగిస్తే పద్నాలుగు గంటలు కూడా నిండవు. రోజూ సాయంత్రం ఆరు నుంచి పదకొండు దాకా ఆడించాం కాబట్టి మూడో రోజు రాత్రికి లక్ష దగ్గర పడింది. నా లోడ్ రెండే ఆంపియర్లు, న్యాయానికి లక్ష కన్నా ఎక్కువే రావాలి. ఆ కొసరు నాకు దక్కలేదు.

అప్పటి నుంచి ఎవరైనా "రిలే తీసేసి ట్రాన్సిస్టర్ (కదిలే భాగాల్లేని ఎలక్ట్రానిక్ స్విచ్) పెట్టేదా?" అని అడిగితే నా మొదటి ప్రశ్న ఒకటే: అది రోజుకు ఎన్నిసార్లు టిక్కుమంటుంది? మా ఇంట్లో కూలర్ పంపుకి టైమర్ పెట్టాను. రెండు నిమిషాలు నీళ్లు, మూడు నిమిషాలు విరామం, అంటే గంటకు 12 సార్లు. రోజుకు పది గంటల చొప్పున వంద రోజుల ఎండాకాలం వేసుకున్నా 12,000. అదే నీలం రిలే ఎనిమిది వేసవులు లాగుతుంది. అప్పటికి కూలర్ గడ్డి ఎన్నిసార్లు మారుతుందో, అసలు కూలర్ బాడీ తుప్పు పట్టకుండా ఉంటుందో లేదో. అక్కడ ట్రాన్సిస్టర్ గురించి ఆలోచించడమే దండగ.

తీసేసే ముందు

రిలేని పాతకాలపు వస్తువని చులకన చేసేవాళ్లు ఎక్కువ. కానీ అది నోరు మెదపకుండా మూడు పనులు చేస్తుంది. కాయిల్ వైపు కరెంటుకీ కాంటాక్టు వైపు కరెంటుకీ మధ్య తీగ సంబంధం ఉండదు. కాంటాక్టులు ఏసీనైనా డీసీనైనా పోనిస్తాయి, ప్లస్ ఎటు మైనస్ ఎటు అన్న పట్టింపు లేదు. మూడోది చాలామంది మర్చిపోయేది: కాయిల్‌కి కరెంటు లేనప్పుడు కూడా ఎన్‌సీ (నార్మల్లీ క్లోజ్డ్) కాంటాక్టు కలిసే ఉంటుంది. మన దగ్గర దొరికే మామూలు ట్రాన్సిస్టర్, మాస్‌ఫెట్ (వోల్టేజ్‌తో తెరుచుకునే ట్రాన్సిస్టర్ రకం) ఏదైనా ఆన్ చేసే కాలికి, అంటే గేటుకో బేసుకో, కరెంటు అందకపోతే ఆఫ్‌లోనే ఉంటాయి. మీ సర్క్యూట్‌లో ఎన్‌సీ పిన్ వాడుతుంటే ఒకదాని బదులు ఒకటి పెట్టేస్తే కుదరదు, డిజైనే మారాలి.

ఇంకో మాట. రిలే ఉన్న చోట ట్రాన్సిస్టర్ ఇప్పటికే ఉంటుంది. 5 వోల్టుల కాయిల్ రెసిస్టెన్స్ 70 ఓమ్‌ల దగ్గర, అంటే 70 మిల్లీఆంపియర్లు తాగుతుంది. ఆర్డుయినో పిన్ నుంచి 20 మించి లాగకూడదు, ఈఎస్‌పీ 8266 అనే వైఫై బోర్డు పిన్‌కైతే 12 చాలు. అందుకే మధ్యలో బీసీ 547 లాంటి చిన్నది ఒకటి నిలబడి కాయిల్‌ని లాగుతుంది. "ట్రాన్సిస్టర్ ఎలాగూ ఉంది కదా, రిలే పీకేసి లోడ్ దానికే కలిపేస్తా" అని ఒక తమ్ముడు కలిపేశాడు కూడా. బీసీ 547 హద్దు 100 మిల్లీఆంపియర్లు. రెండు ఆంపియర్ల స్ట్రిప్ తగిలించేసరికి వాసన వచ్చే వ్యవధి కూడా ఇవ్వలేదట.

డీసీ లోడ్ అయితే

12 వోల్టులు, 24 వోల్టుల డీసీ, టిక్కులు ఎక్కువ, లేదా వెలుగు తగ్గించి పెంచాలి, ఫ్యాన్ స్పీడ్ మార్చాలి. ఈ మాటల్లో ఏది వర్తించినా మాస్‌ఫెట్ వైపు కళ్లు మూసుకుని వెళ్లండి. అయితే రిలేకి అలవాటు పడ్డ చేతులు రెండు తప్పులు చేస్తాయి, నేనూ చేశాను.

మొదటిది గ్రౌండ్. రిలే ఉన్నన్నాళ్లు ఆర్డుయినో అడాప్టర్ వేరు, స్ట్రిప్ పవర్ సప్లై వేరు, రెంటికీ సంబంధం లేకపోయినా పని జరిగిపోయేది. మాస్‌ఫెట్ పెట్టాక ఆ రెండు సప్లైల మైనస్‌లు కలపాల్సిందే. కలపకపోతే గేటుకి వచ్చే 5 వోల్టులు దేనితో పోలిస్తే 5 వోల్టులు? లైటు వెలగదు, లేదా చెయ్యి దగ్గరకు తెస్తే మిణుకుమంటుంది, మనం కోడ్‌లో తప్పు వెతుక్కుంటూ ఉంటాం.

రెండోది చోటు. రిలే కాంటాక్టుని అందరం ప్లస్ తీగలో పెడతాం. ఎన్-ఛానల్ (గేటు పైకి లేస్తే తెరుచుకునే రకం) మాస్‌ఫెట్‌ని అదే చోట పెడితే గేటుకిచ్చిన 5 వోల్టుల కన్నా లోడ్ వైపు వోల్టేజ్ పైకి లేవదు, మూడో రెండో వోల్టుల దగ్గర ఆగిపోతుంది. అది మైనస్ వైపు ఉండాలి. లోడ్ ప్లస్ నేరుగా సప్లైకి, లోడ్ మైనస్ డ్రెయిన్‌కి, సోర్స్ గ్రౌండ్‌కి (డ్రెయిన్, సోర్స్ అంటే లోడ్ కరెంటు పోయే రెండు కాళ్లు). బండికో కారుకో చేసేటప్పుడు మాత్రం బాడీయే మైనస్ కాబట్టి ఈ పద్ధతి కుదరదు. అక్కడ ప్లస్ వైపు పెట్టే పీ-ఛానల్ (గేటు కిందికి దిగితే తెరుచుకునే రకం) అయినా పెట్టాలి, లేదంటే రిలేనే ఉంచాలి. నేనైతే బండికి రిలేనే ఉంచుతాను.

ఏ ట్రాన్సిస్టర్ అన్నది తర్వాతి సంగతి. లోడ్ రెండు మూడు వందల మిల్లీఆంపియర్లలోపు, అంటే చిన్న ఫ్యాన్, బజర్, మరో రిలే కాయిల్ లాంటివైతే 2ఎన్ 2222 చాలు. బేస్ రెసిస్టర్ లెక్కకి డేటాషీట్‌లో గెయిన్ (బేస్ కరెంటుకి లోడ్ కరెంటు ఎన్ని రెట్లు) 100 అనో 200 అనో ఉన్నది పట్టించుకోకండి. స్విచ్‌లా పూర్తిగా తెరుచుకోవాలంటే లోడ్ కరెంటులో పదో వంతు నుంచి ఇరవయ్యో వంతు బేస్‌కి ఇవ్వాలి. 70 మిల్లీఆంపియర్ల కాయిల్‌కి 4, 5 మిల్లీఆంపియర్లు. ఆర్డుయినో 5 వోల్టుల్లో 0.7 బేస్ దగ్గరే పోగా మిగిలిన 4.3 వోల్టులకి 1 కిలోఓమ్ సరిపోతుంది. 3.3 వోల్టుల బోర్డయితే 470 ఓమ్.

కాలేజీ ల్యాబ్ చదువుల పుణ్యమా అని ఆ పైన లోడ్ అంటే అందరికీ టిప్ 122 గుర్తొస్తుంది. 5 ఆంపియర్లు మోస్తుంది, నిజమే. కానీ లోపల రెండు ట్రాన్సిస్టర్లు ఒకదాని వెనక ఒకటి ఉండటంతో పూర్తిగా ఆన్ అయినా దాని మీద ఒక వోల్టు దాకా నిలిచిపోతుంది. 3 ఆంపియర్ల దగ్గర అది 2 వోల్టుల దాకా పోవచ్చని డేటాషీటే చెబుతుంది. అంటే 6 వాట్ల వేడి, దాన్ని లాగే హీట్‌సింక్ రేకు, పైగా 12 వోల్టుల స్ట్రిప్‌కి చేరేది పదకొండో పదో. ఇంట్లో డబ్బాలో పడి ఉంటే వాడండి, దీని కోసం బస్సెక్కకండి.

ఇక మాస్‌ఫెట్. హైదరాబాద్ కోఠిలో గుజరాతీ గల్లీకి వెళ్లి ఐఆర్‌ఎల్‌జెడ్ 44ఎన్ నాలుగు అడిగాను. కౌంటర్ మీదున్న అబ్బాయి డబ్బాలోంచి నాలుగు తీసి పొట్లం కట్టబోతుంటే పేరు చదివాను, ఐఆర్‌ఎఫ్‌జెడ్ 44ఎన్. ఇది కాదంటే, "రెండూ ఒకటే అన్నా, నడుస్తది, తీస్కపో" అన్నాడు. తీస్కపోయాను. 5 వోల్టుల గేటుతో స్ట్రిప్ వెలిగింది కూడా. కాసేపటికి వేలు పెడితే చురుక్కుమంది.

రెంటికీ తేడా ఒక్క అక్షరం. 'ఎల్' ఉన్నది గేటుకి 5 వోల్టులు ఇస్తే పూర్తిగా తెరుచుకునేలా చేసినది, అక్కడ దాని రెసిస్టెన్స్ 25 మిల్లీఓమ్‌లు మించదు. 'ఎఫ్' ఉన్నదానికి డేటాషీట్‌లో రాసిన చిన్న అంకె గేటుకి 10 వోల్టులు ఇచ్చినప్పటిది. అది 2 వోల్టుల నుంచి 4 వోల్టుల మధ్య ఎక్కడైనా కళ్లు తెరవడం మొదలుపెట్టొచ్చు, కాబట్టి 5 వోల్టులకు సగం నిద్రలోనే ఉంటుంది. ఆర్డుయినో కోసమని అమ్మే ఐఆర్‌ఎఫ్ 520 మాడ్యూల్‌దీ ఇదే కథ, పైగా 10 వోల్టులిచ్చినా దాని రెసిస్టెన్స్ 0.27 ఓమ్.

ఈఎస్‌పీ లాంటి 3.3 వోల్టుల బోర్డులకు ఐఆర్‌ఎల్‌జెడ్ కూడా అంచు మీదే. డేటాషీట్ దానికి హామీ ఇచ్చేది గేటుకి కనీసం 4 వోల్టులు ఉంటేనే. రెండు ఆంపియర్లకి నడిచిపోతుందనేవాళ్లున్నారు, నడుస్తుంది కూడా. నేను మాత్రం ఏఓ 3400 వాడతాను. 2.5 వోల్టులకే 50 మిల్లీఓమ్‌ల దగ్గరికి వస్తుంది, 30 వోల్టుల దాకా ఓర్చుకుంటుంది. ఒకటే చిక్కు, బియ్యపు గింజంత ఉంటుంది. టంకం వేసే చెయ్యి వణక్కూడదు.

గేటు నుంచి గ్రౌండ్‌కి 10 కిలోఓమ్ రెసిస్టర్ తప్పనిసరి. బోర్డు ఆన్ అయ్యి కోడ్ మొదలయ్యేలోపు పిన్ గాలిలో ఉంటుంది. ఆ లోపు లోడ్ ఒకసారి వెలిగి ఆరుతుంది. స్ట్రిప్‌కి అయితే పర్వాలేదు, డోర్ లాక్‌కి అయితే తలుపు తెరుచుకుంటుంది. పిన్‌కీ గేటుకీ మధ్య ఒక 220 ఓమ్. లోడ్ మోటారో సోలెనాయిడో అయితే దాని రెండు కాళ్ల మీద తిరగేసి ఒక డయోడ్ (కరెంటుని ఒకే వైపు పోనిచ్చేది). ఊరికే ఆన్ ఆఫ్ అయితే 1ఎన్ 4007 చాలు, స్పీడ్ మార్చేట్టయితే వేగంగా స్పందించే షాట్కీ డయోడ్ పెట్టండి.

కొన్నది అసలుదో నకిలీదో తేల్చుకోవడానికి పెద్ద యంత్రాలు అక్కర్లేదు. గేటుకి 5 వోల్టులు ఇచ్చి రెండు ఆంపియర్ల లోడ్ పెట్టి డ్రెయిన్‌కీ సోర్స్‌కీ మధ్య మల్టీమీటర్ పెట్టండి. ఐఆర్‌ఎల్‌జెడ్ 44ఎన్ అయితే 50 మిల్లీవోల్టులు లేదా అంతకు తక్కువ చూపించాలి. మూడు, నాలుగు వందలు చూపిస్తే మీద ఏ పేరున్నా లోపలున్నది వేరే.

రూటర్ బ్యాకప్

ఇంటి నుంచి పని చేసేవాళ్లు ఎక్కువయ్యాక నన్ను అందరికన్నా ఎక్కువ అడిగింది ఇదే. 12 వోల్టుల అడాప్టర్, మూడు లిథియం సెల్స్ ప్యాక్, మధ్యలో రిలే. కాయిల్ అడాప్టర్ మీద, ఎన్‌సీ కాంటాక్టుకి బ్యాటరీ. కరెంటు పోగానే కాయిల్ వదిలేస్తుంది, బ్యాటరీ కలుస్తుంది. కాగితం మీద ఎంతో ముచ్చటగా ఉంటుంది. కరెంటు పోతుంది, టిక్కుమంటుంది, రూటర్ రీస్టార్ట్ అవుతుంది, మీటింగ్‌లో మన మొహం నోరు తెరిచినట్టే గడ్డకట్టి ఉంటుంది.

కాంటాక్టు అటు నుంచి ఇటు రావడానికి పట్టే 5, 10 మిల్లీసెకన్లే కారణమనుకుని అందరూ కెపాసిటర్ పెడతారు. ఒక ఆంపియర్ లాగే రూటర్‌ని 10 మిల్లీసెకన్లు రెండు వోల్టుల కన్నా ఎక్కువ పడిపోకుండా పట్టుకోవాలంటే 5,000 మైక్రోఫారడ్లు కావాలి, బజారులో 4,700 దొరుకుతుంది. నేనూ పెట్టాను. అయినా ఒక్కోసారి రీస్టార్ట్ అయ్యేది.

అసలు దొంగ కాయిల్. 12 వోల్టుల రిలే 9 వోల్టులకే పట్టుకుంటుంది, కానీ పట్టుకున్నాక అంత తేలిగ్గా వదలదు. 1.2 వోల్టులకు దిగితే కచ్చితంగా వదులుతుందని మాత్రమే డేటాషీట్ హామీ. ఆ మధ్యలో ఎప్పుడు వదులుతుందన్నది దాని ఇష్టం. కరెంటు పోయినప్పుడు అడాప్టర్ లోపలి కెపాసిటర్ వల్ల వోల్టేజ్ ఒక్కసారిగా పడదు, జారుతూ వస్తుంది. ఎనిమిదికో తొమ్మిదికో రూటర్ కళ్లు తేలేస్తుంది. రిలే మాత్రం ఇంకా ఆ చచ్చిన అడాప్టర్‌నే పట్టుకుని వేలాడుతుంటుంది. బ్యాటరీ పక్కనే నిండుగా ఉన్నా లాభం లేదు.

ఇక్కడ పీ-ఛానల్ మాస్‌ఫెట్ ముందు రిలే నిలబడలేదు. ఐఆర్‌ఎఫ్ 9540ఎన్ తీసుకోండి. బ్యాటరీ ప్లస్ డ్రెయిన్‌కి, సోర్స్ రూటర్ ప్లస్‌కి. తిరగేసి పెట్టినట్టుంది కదా, కావాలనే. లోపలుండే బాడీ డయోడ్ బ్యాటరీ నుంచి రూటర్ వైపు చూస్తూ ఉండాలి. గేటు నేరుగా అడాప్టర్ ప్లస్‌కి. అడాప్టర్ ప్లస్ నుంచి రూటర్‌కి 1ఎన్ 5822 షాట్కీ డయోడ్. గేటు నుంచి గ్రౌండ్‌కి 1 కిలోఓమ్. అడాప్టర్, బ్యాటరీ, రూటర్ మైనస్‌లు అన్నీ ఒకటే. అడాప్టర్ ఉన్నంతసేపు గేటు పైన ఉంటుంది, మాస్‌ఫెట్ మూసుకుని ఉంటుంది. కరెంటు పోయి వోల్టేజ్ జారడం మొదలవగానే, గేటు సంగతి తేలకముందే, బాడీ డయోడ్ బ్యాటరీని రూటర్‌కి అందిస్తుంది. ఆ తర్వాత గేటు కిందికి దిగి ఛానల్ పూర్తిగా తెరుచుకుంటుంది. ఒక ఆంపియర్‌కి దాని మీద పోయేది 0.12 వోల్టు. మధ్యలో ఖాళీ అన్నదే లేదు.

ఆ 1 కిలోఓమ్‌ని 10 చేసి ఆదా చేద్దామనుకోకండి. బ్యాటరీ లోడ్ అందుకున్నాక అడాప్టర్ కెపాసిటర్‌లో మిగిలిన ఛార్జ్ పోవడానికి ఆ రెసిస్టర్ ఒక్కటే దారి. లోపల 1,000 మైక్రోఫారడ్లు ఉంటే 10 కిలోఓమ్‌లతో పది సెకన్లు, 1 కిలోఓమ్‌తో ఒక సెకను. ఆ వ్యవధంతా బాడీ డయోడ్ వేడెక్కుతూనే ఉంటుంది.

బ్యాటరీ నిండుగా 12.6 ఉండి అడాప్టర్ సరిగ్గా 12 ఉంటే, కరెంటు ఉన్నప్పుడు కూడా బాడీ డయోడ్ గుండా కొంచెం కొంచెం బ్యాటరీ కారి 12.2 దగ్గర ఆగుతుంది. లిథియం ప్యాక్‌కి ఇది పెద్ద నష్టం కాదు. 13 వోల్టుల పైన నిలబడే లెడ్ యాసిడ్ బ్యాటరీ పెడితే మాత్రం నష్టమే, అప్పుడు అడాప్టరే ఇంకాస్త ఎక్కువ వోల్టులది కావాలి, దాన్ని మీ రూటర్ ఒప్పుకోవాలి. ప్యాక్‌కి ఛార్జర్, బీఎంఎస్ (సెల్స్‌ని కాపాడే బోర్డు) విడిగా ఉండాలని వేరే చెప్పక్కర్లేదనుకుంటా.

230 వోల్టుల దగ్గర

ఇక్కడ ట్రాన్సిస్టర్ అంటే ట్రయాక్, ఏసీ కోసం చేసిన ఎలక్ట్రానిక్ స్విచ్. ఈ వైపు నేను పిరికివాణ్నే. టిక్కులు తక్కువైతే రిలే ఉంచేయండి, బోర్డు మీద కాయిల్ గీతకీ కాంటాక్టు గీతకీ మధ్య కనీసం 6 మిల్లీమీటర్లు ఖాళీ వదలండి, అంతే.

ట్రయాక్ ఎప్పుడు కావాలో మా బావ చూపించాడు. మేడ్చల్ వైపు ఇంట్లో కోడిగుడ్లకి సొంతంగా ఇంక్యుబేటర్ చేసుకున్నాడు. థర్మాకోల్ పెట్టె, 100 వాట్ల పాత బల్బు, రిలే ఉన్న థర్మోస్టాట్ బోర్డు. 37.5 డిగ్రీలు కదలకూడదని ఆన్‌కీ ఆఫ్‌కీ మధ్య తేడాను 0.1 డిగ్రీకి పెట్టాడు. అది ఇరవై సెకన్లకు ఒకసారి కొట్టుకునేది. నిమిషానికి మూడు, గంటకు 180, రోజుకు 4,320. పిల్లలు రావడానికి 21 రోజులు, అంటే 90 వేలు దాటుతుంది. ఒక్క విడతకే రిలే ఆయుష్షు మొత్తం! రెండో విడతలో బల్బు ఆన్‌లో ఇరుక్కుంది. ఫోన్ చేసి, "బామ్మర్దీ, గుడ్లు ఉడికినయ్, ఉప్పు కారం పట్కరా" అన్నాడు.

ముందు పైసా ఖర్చులేని పని చేశాం, ఆ తేడాని 0.3 చేశాం. టిక్కులు అక్కడే సగానికి పైగా తగ్గాయి. తర్వాత బల్బుకి ట్రయాక్. బీటీ 136, దాన్ని తట్టిలేపడానికి ఎంఓసీ 3063 ఆప్టోకప్లర్ (తీగ సంబంధం లేకుండా వెలుతురుతో సంకేతం పంపే చిప్). 230 వోల్టుల ఏసీ శిఖరం 325 వోల్టుల దాకా లేస్తుంది కాబట్టి 400 వోల్టుల ఎంఓసీ 3041 కన్నా 600 వోల్టులు ఓర్చే ఇది నయం. పైగా దీని లోపలి ఎల్‌ఈడీకి 5 మిల్లీఆంపియర్లు చాలు, బోర్డు పిన్నే తిప్పేస్తుంది. అల సున్నా దాటేటప్పుడే ఆన్ చేస్తుంది కాబట్టి బల్బుకి దెబ్బ తగలదు. 100 వాట్ల బల్బు లాగేది 0.43 ఆంపియర్లు. ట్రయాక్ మీద వేడి ఆంపియర్‌కి ఒక వాటు పైచిలుకు అనుకుంటే ఇక్కడ అర వాటు, హీట్‌సింక్ అక్కర్లేదు. పెట్టినా జాగ్రత్త: బీటీ 136 వెనక రేకు లోపల మెయిన్ కరెంటు పోయే టీ2 కాలికి కలిసే ఉంటుంది. హీట్‌సింక్ ముట్టుకుంటే షాకే. బీటీఏ అని మొదలయ్యే రకాలకు ఆ రేకు విడిగా ఉంటుంది.

కానీ పాత రిలేని పారేయలేదు. ట్రాన్సిస్టర్, మాస్‌ఫెట్, ట్రయాక్ దేనికైనా చావు వస్తే ఎక్కువగా ఆన్‌లోనే చస్తాయి. లోపల షార్టయి, గేటు ఏం చెప్పినా వినకుండా కరెంటు పోనిస్తూ ఉంటాయి. లైటుకి అయితే నవ్వుకుంటాం, హీటర్‌కి అయితే పెట్టె కాలుతుంది. అందుకని ట్రయాక్‌కి వరుసలో రిలేని పెట్టి, వేరే సెన్సార్‌తో, 39 డిగ్రీలు దాటితేనే అది వదిలేసేలా చేశాం. రోజంతా కొట్టుకునే పని ట్రయాక్‌ది, ఏడాదికోసారి తెగే పని రిలేది. వేడికి సంబంధించింది ఏది చేసినా నేను ఈ జోడీనే చెబుతాను.

పడకగదిలో చిన్న ఎల్‌ఈడీ బల్బుకి టిక్కు చప్పుడు నచ్చక ట్రయాక్ పెట్టాలనుకుంటే కాస్త ఆగండి. వోల్టేజ్ దెబ్బ తగలకుండా ట్రయాక్ పక్కన పెట్టే స్నబ్బర్ కెపాసిటర్ 0.1 మైక్రోఫారడ్ అయితే ఆఫ్‌లో కూడా 7 మిల్లీఆంపియర్లు కారుతాయి. అర వాటు బల్బు రాత్రంతా మిణుగురులా ఉంటుంది. 0.01 పెడితే 0.7కి తగ్గుతుంది, అయినా కొన్ని బల్బులు మినుకుమంటాయి. ఆన్ చేసినప్పుడు ఇంకో తంటా: బల్బు తీసుకునే కరెంటు మరీ తక్కువైతే ట్రయాక్ పట్టు నిలవదు, వెలుగు వణుకుతుంది. పైగా ఆఫ్ చేశాం కదా అని హోల్డర్‌లో వేలు పెట్టేంత నమ్మకం ట్రయాక్ మీద పెట్టుకోకూడదు.

ఇక సంప్ నుంచి ట్యాంకుకి నీళ్లెక్కించే మోటారు. రోజుకు రెండో మూడో టిక్కులు, లక్ష దాటాలంటే మనవళ్లు రావాలి. ఇక్కడ శత్రువు టిక్కు కాదు, స్టార్టింగ్ కరెంటు. ఒక హెచ్‌పీ మోటారు నడిచేటప్పుడు ఐదారు ఆంపియర్లు లాగితే, లేచే క్షణంలో దానికి నాలుగు నుంచి ఆరు రెట్లు. నీలం రిలే మీద 10 ఆంపియర్లు అని రాసి ఉన్నది చూసి మోసపోతారు. ఎస్‌ఎస్‌ఆర్ (సాలిడ్ స్టేట్ రిలే, కాంటాక్టుల బదులు ట్రయాక్ లాంటిది ఉండేది) కొని మే నెలలో డాబా మీద డబ్బాలో పెడితే, బయటి గాలే 40 దాటి ఉంటుంది, తన సొంత వేడి ఆరేడు వాట్లు ఎక్కడికి పోవాలి? ట్రూప్ బజార్‌లో కాంటాక్టర్ (పెద్ద కరెంట్లకి చేసిన బలమైన రిలే) కొనండి. మీ బోర్డు మీది నీలం రిలే ఆ కాంటాక్టర్ కాయిల్‌ని మాత్రం తిప్పితే చాలు. డబ్బాకి తీగలు దూరే చోట రబ్బరు బుష్‌లు బిగించండి. స్టార్టర్ డబ్బాలో బల్లి దూరి కాల్చుకున్న మోటార్లు ఏ వీధిలో అడిగినా ఒకటి తగులుతుంది. గీజర్‌కీ కాంటాక్టరే. దానిలోపలి థర్మోస్టాట్‌ని మాత్రం ముట్టుకోకండి.

మండపం సంగతి చెప్పి ముగిస్తాను. మరుసటి ఏడాది అదే ఆర్డుయినో, అదే కోడ్, నాలుగు ఐఆర్‌ఎల్‌జెడ్‌లు, ఈసారి పేరు చదివి కొన్నవి. ఒక్కోదాని మీద వేడి 0.1 వాటు, చేత్తో పట్టుకున్నా తెలియలేదు. పదకొండు రోజులూ ఎవరూ వెనక కూర్చోలేదు. కానీ రెండో రోజే పిల్లలొచ్చి "అంకుల్, చప్పుడేది?" అని అడిగారు. పాత మాడ్యూల్‌లో బాగున్న రిలే ఒకటి తీసి, కాంటాక్టులకు ఏమీ కలపకుండా, కాయిల్‌ని మాత్రం మొదటి రోల్ పిన్‌తోనే నడిచే ఒక చిన్న ట్రాన్సిస్టర్‌కి తగిలించాను. లోడ్ లేదు కాబట్టి దాని ఆయుష్షు ఇప్పుడు కోటి. పండగకి 55 గంటల చొప్పున లెక్క వేస్తే పాతికేళ్లు టిక్కుమంటుంది.